సజ్జ మీది సామాను ఎటు పోవాలి?

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు వరంగల్, హనుమకొండల్లోని లోతట్టు కాలనీల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వరద తీసిన మర్నాటి నుంచి ఆ వీధుల్లో కనిపించినదానికీ, 2023 జులై వానల తర్వాత కనిపించినదానికీ పెద్ద తేడా లేదు. ప్రతి గేటు ముందూ ఇంటి లోపలి సామానంతా బయటపడి ఉంది; ఏది ఎండబెట్టాలో, ఏది పారేయాలో తేల్చుకోలేక ఇంటివారు దాని పక్కనే నిలబడి ఉన్నారు. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు అల్మారాలు నీళ్లు తాగి ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయాయి. ఫోము పరుపులు బురదను పీల్చుకుని నలుగురు పడితే తప్ప కదలనంత బరువెక్కాయి. పాత టేకు మంచాన్ని మాత్రం కడిగి నీడన ఆరబెడితే మళ్లీ గదిలోకి పోయింది. ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమడం తప్ప మరో ఖర్చు లేదు.

వరద ఇలా తనంత తానుగా వేరుచేసి పెట్టిన సామానును చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కొన్నప్పుడు ఏది ఖరీదైనది, ఏది చవక అన్న లెక్కకూ, చివరికి ఏది మిగిలింది, ఏది చెత్తబండి ఎక్కింది అన్న లెక్కకూ పొంతన లేదు. ఇంకో సంగతి కూడా ఆ కుప్పల్లోనే ఉంది. విప్పని అట్టపెట్టెలు, కవరు తీయని దుప్పట్లు, పేర్లు కొట్టించిన స్టీలు గిన్నెల వరుసలు వాటిలో ఉన్నాయి. అవి వరదలో పాడైనవి కావు. అంతకు ఎంతో ముందే వాడకం నుంచి తప్పుకున్నవి. తమ ఇంట్లో అంత సామాను ఉందని ఇంటివారికే తెలియదు.

వస్తువులను ఎరుకతో ఉంచుకోవడం, ఎరుకతో వదులుకోవడం గురించి ఈమధ్య వినిపించే మాటల్లో ఎక్కువ భాగం ఒక ఖాళీ తెల్లగదిని చూపిస్తాయి. తక్కువ కొనండి, నచ్చనిది తీసేయండి, గది తేలికైతే మనసు తేలికవుతుంది అన్నది వాటి సారాంశం. ఈ సలహాలో తప్పేమీ లేదు గానీ, అది ఒక మనిషి తన జీతంతో, తన ఇష్టంతో, తన కోసం కొనుక్కున్న వస్తువులను ఊహించుకుని చెప్పినది. ఉత్తర తెలంగాణ ఇంట్లో సజ్జ మీద, అంటే గోడ పైభాగాన స్లాబుతో వేసే ఆ పొడవాటి అర మీద ఉన్న సామానులో చాలా భాగం అలా రాలేదు. అది పెండ్లిలో వచ్చింది, గృహప్రవేశంలో వచ్చింది, బిడ్డ పురుటికి వచ్చింది, గల్ఫ్ నుంచి తమ్ముడు తెచ్చిన పెట్టెలో వచ్చింది. కొన్నవారు ఒకరు, ఉంచుకునేవారు ఇంకొకరు అయినప్పుడు, నచ్చిందా లేదా అన్న ప్రశ్నకు అసలు చోటే ఉండదు.

దీనికి ఒక చిన్న బట్టముక్క మంచి ఉదాహరణ. ఒడిబియ్యం పోసినప్పుడు, వ్రతం చేసుకున్నప్పుడు, ఆడబిడ్డ ఇంటికొచ్చి తిరిగి పోయేటప్పుడు పెట్టే కనుమును, కోస్తాలో జాకెట్టు ముక్క అనేదాన్ని, తీసుకున్నవారు కుట్టించుకునేది అరుదు. దాని రంగు ఏ చీరకూ కలవదు, బట్ట కూడా సాధారణమైనదే. అది నేరుగా బీరువాలో ఒక సంచిలోకి పోతుంది. వచ్చే శ్రావణంలో మరొకరి ఒడిలో పడుతుంది. ఇచ్చినవారికే తిరిగి ఇచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఎవరు పెట్టిందో చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చి పెట్టుకునే ఇల్లాళ్లు ఉన్నారు. ఈ తంతును చూసి నవ్వుకోవడం తేలికే. కానీ జాగ్రత్తగా చూస్తే, కనుము ఎవరి ఇంట్లోనూ బరువు కావడం లేదు. అది బట్టగా పనిచేయడం ఎప్పుడో మానేసి, మర్యాదకు చెలామణి అయ్యే నాణెంగా మారింది. దానికి వచ్చే దారి ఎంత సులువో పోయే దారీ అంతే సులువు.

స్టీలు గిన్నె సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. పెండ్లి కానుకగా ఇచ్చే గిన్నె మీద, పళ్లెం మీద, టిఫిన్ డబ్బా మీద ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ కొట్టించడం దశాబ్దాలుగా ఉన్న అలవాటు. సామాన్ల దుకాణంలో కరెంటు పెన్నుతో జుయ్యిమని రెండు నిమిషాల్లో చెక్కే ఆ పేరు, గిన్నె జీవితాన్ని అక్కడితో ఆపేస్తుంది. మేనమామ పేరున్న సర్వను మరొకరి పెండ్లికి ఇవ్వలేరు, పాత సామాన్లవారికి వేస్తే ఎక్కడ ఎవరి కంట పడుతుందోనన్న భయం, వాడుదామంటే ఇంట్లో అంత పని లేదు. కాబట్టి అది సజ్జ ఎక్కుతుంది. గిన్నెలో లోపం లేదు, ఇచ్చిన మనసులో లోపం లేదు. ఉన్నదల్లా దాని కదలికను ఆపేసిన ఆ నాలుగు అక్షరాలే.

కనుమునూ గిన్నెనూ పక్కపక్కన పెడితే అసలు సమస్య ఎక్కడుందో కనిపిస్తుంది. ఇంట్లో వస్తువులు ఎన్ని ఉన్నాయన్నదానికంటే, వాటిలో ఎన్ని ఆగిపోయాయన్నది ముఖ్యం. వస్తువు ఇంట్లోకి రావడానికి పెండ్లి, పండుగ, ఆఫరు, కిస్తు వంటి దారులు ఏటేటా వెడల్పవుతుంటే, బయటికి పోవడానికి ఒకప్పుడు ఉన్న దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. ఎరుక అవసరమైనది ఈ రెండు గుమ్మాల దగ్గర. గదిని ఖాళీ చేయడం దాని తర్వాతి మాట.

లోపలికి వచ్చే గుమ్మాల్లో పెద్దది ఇచ్చిపుచ్చుకోవడం. పెండ్లి పందిట్లో ఒక మూల కూర్చుని కట్నాలు రాసే మనిషి చేతిలోని నోటుబుక్కు, ఆ కుటుంబానికి ఒక ఖాతా పుస్తకంతో సమానం. ఎవరెంత రాయించారో చూసి, వారి ఇంట పెండ్లికి అంతకు కొంత కలిపి తిరిగి రాయిస్తారు. నూట పదహార్లు అనే లెక్క కూడా ఇక్కడి గడ్డ మీది చరిత్రతో ముడిపడినదేనంటారు. నిజాం రాజ్యపు హాలీ సిక్కా నూట పదహారు రూపాయల చిల్లర బ్రిటిష్ వంద రూపాయలకు సమానంగా ఉండడం వల్ల ఈ అంకె నిలిచిందని పెద్దలు చెప్పే మాట. డబ్బు రూపంలో ఉన్న కట్నం ఏ ఇంట్లోనూ చోటు ఆక్రమించదు, తీసుకున్నవారి అవసరాన్ని బట్టి మారుతుంది. వస్తువు రూపంలో ఇచ్చింది మాత్రం ఇచ్చినవారి ఊహను బట్టి ఉంటుంది. గృహప్రవేశానికి వచ్చిన ఆరు గోడ గడియారాలను ఆరు గదుల్లో పెట్టలేక, ఏది ఎవరిచ్చారో మరిచిపోకుండా అట్టపెట్టెల మీద రాసి పెట్టుకునే ఇళ్లు తక్కువేమీ కాదు.

ఇక్కడ వద్దనడం వస్తువును వద్దనడంగా కాకుండా మనిషిని వద్దనడంగా చేరుతుంది. అందుకే కానుకలు తీసుకోము అని పత్రికలో ఒక వాక్యం వేసినంత మాత్రాన పని జరగదు. వచ్చినవారు ఉత్త చేతులతో రావడం నామోషీగా భావించి, మరింత తొందరలో మరింత పనికిరానిది తెస్తారు. దగ్గరి బంధువులకు ముందే ఫలానాది అవసరమని చెప్పడం, నలుగురైదుగురు కలిసి ఒకే పెద్ద వస్తువు కొనేలా మాట్లాడుకోవడం మేలు. మొహమాటం దాటి ఈ మాట అడిగే చనువు మేనమామలు, మేనత్తలు, ఆడబిడ్డలతో ఎలాగూ ఉంటుంది. అడగాల్సింది వారినే, ఎందుకంటే పెద్ద వస్తువులు తెచ్చేదీ వారే. ఇచ్చే వైపు నుంచైతే పని ఇంకా తేలిక. గిన్నె ఇచ్చినా పేరు కొట్టించకుండా ఇస్తే చాలు, అది తర్వాత ఎవరికి అవసరమైతే వారికి చేరుతుంది.

లోపలికి వచ్చే రెండో గుమ్మం దుకాణం. దీని గురించి అందరికీ తెలిసిన మాటలే ఎక్కువ కాబట్టి, అంతగా చర్చకు రాని ఒక్క మార్పు దగ్గర ఆగితే సరిపోతుంది. వ్యవసాయం మీద ఆధారపడిన కుటుంబంలో కొనుగోలుకు ఒక కాలం ఉండేది. పత్తి అమ్మాక, మిర్చి ఎనుమాముల మార్కెట్టుకు పోయి పైసలు చేతికొచ్చాక, వడ్ల డబ్బు పడ్డాక కొనేవారు. వానకాలంలో పుట్టిన కోరికకు పంట చేతికొచ్చాక చూద్దాం అనే జవాబు దొరికేది. ఆ నాలుగైదు నెలల్లో సగం కోరికలు వాటంతటవే రాలిపోయేవి. మిగిలినవి నిజమైన అవసరాలు. ఈ ఆగడం ఎవరూ నేర్పిన క్రమశిక్షణ కాదు, చేతిలో డబ్బు లేకపోవడం వల్ల వచ్చినది. అయినా అది జల్లెడలా పనిచేసింది.

కిస్తులు ఆ జల్లెడను తీసేశాయి. వడ్డీ లేని కిస్తు అనేది నిజానికి ఉండదని, అలాంటి పేరుతో వచ్చే పథకాల్లో వడ్డీ మరో రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు నో కాస్ట్ ఈఎంఐ పేరుతో నడిచే పద్ధతిలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ అంత మొత్తాన్ని అమ్మేవారు ముందే ధరలో తగ్గిస్తారు. 30,000 రూపాయల ఫోనును క్రెడిట్ కార్డు మీద ఏడాదికి 15 శాతం వడ్డీతో ఆరు నెలల కిస్తుల్లో తీసుకుంటే వడ్డీ సుమారు 1,300 రూపాయలు అవుతుంది. అది తగ్గింపుగా తిరిగి వచ్చినా, దాని మీద పడే 18 శాతం జీఎస్టీ, అంటే రెండు వందల పైచిలుకు, ప్రాసెసింగ్ ఫీజు కొనేవారివే. మొత్తం పెద్దది కాదు. అసలు నష్టం ఆ రెండు వందల్లో లేదు. కొనాలా వద్దా అని ఆలోచించాల్సిన నెలలు, కొన్న తర్వాత కిస్తు కట్టే నెలలుగా మారిపోవడంలో ఉంది. జల్లెడ కావాలంటే ఇప్పుడు ఎవరికి వారు పెట్టుకోవాలి. వచ్చే పంట దాకా కాకపోయినా, వచ్చే జీతం దాకా ఆగే కట్టుబాటు పాతకాలపు పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

బయటికి పోయే దారుల కథ దీనికంటే ఆసక్తికరమైనది, ఎందుకంటే అవి మూసుకుపోవడానికి మనుషుల బద్ధకం కారణం కాదు. పాత నూలు చీర ముందు ఇంట్లో కట్టుకునే చీర అయ్యేది, తర్వాత రెండు మూడు చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత అయ్యేది, బొంత చినిగితే పసిపిల్లల కింద పరిచే బట్టగా, చివరికి పొయ్యి దగ్గరి మసిబట్టగా మారేది. నూలు పాతబడిన కొద్దీ మెత్తనై నీళ్లు పీల్చే గుణం వల్లనే ఈ నాలుగు జన్మలు సాధ్యమయ్యాయి. సింథటిక్ చీర పాతబడదు, మెత్తబడదు, నీళ్లు పీల్చదు. బొంతలో జారుతుంది, పొయ్యి దగ్గర అంటుకుంటే కరిగి చేతికి పట్టుకుంటుంది. దానికి ఒకే జన్మ. పాత చీరలకు స్టీలు సామాన్లు ఇస్తామని వీధుల్లో తిరిగేవారు ఇప్పటికీ అక్కడక్కడ వస్తారు గానీ, వారూ జరీని చూస్తారు, బట్టను తడిమి చూస్తారు. పాత పట్టుచీరల జరీలో వెండి ఉండేది కాబట్టి కొనేవారు ఉన్నారు. ఇప్పటి చాలా చీరల జరీ ప్లాస్టిక్ దారమే కాబట్టి దాన్ని ముట్టుకునేవారు లేరు.

ఇత్తడి పాత్రల కథా ఇలాంటిదే. ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే లోపల కలాయి ఉండాలి, లేకుంటే పులుపుకు చిలుము పడుతుంది. అందుకని కలాయి పోసేవారు వీధిలో కొలిమి పెట్టి, గిన్నెను బాగా వేడిచేసి, నవసారం చల్లి, తగరం కరిగించి దూదితో గిన్నె లోపలంతా రుద్దేవారు. క్షణంలో నల్లటి లోపలి భాగం వెండిలా మెరిసేది. ఆ పని కళ్లముందు జరుగుతుంటే పిల్లలు చుట్టూ చేరేవారు. ఈ ఏర్పాటులో యజమానికి వస్తువుతో ఏటా ఒకసారి పని పడేది. ఎన్ని గిన్నెలున్నాయో, ఏది సొట్టపోయిందో, ఏది ఇక పనికిరాదో ఆ రోజు తేలేది. స్టీలు వచ్చి కలాయి అవసరాన్ని తీసేసింది, దాంతో పాటు ఆ లెక్కను కూడా తీసేసింది. జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పనివారు ఇప్పుడు ఎక్కువగా చేసేది జ్ఞాపికలు, గోడకు తగిలించే పలకలు, అలంకరణ వస్తువులు. వంటింట్లో రోజూ వాడే గిన్నెతో ఇత్తడికి ఉన్న బంధం దాదాపు తెగిపోయింది.

పాతకాలపు పద్ధతిని మెచ్చుకునేటప్పుడు ఒక విషయాన్ని దాటవేయకూడదు. ఆనాడు ఇంటి నుంచి బయటికి పోయే దారుల్లో చాలా భాగం కులం గీసిన దారులు. పాతబట్టలు, మిగిలిన అన్నం, చనిపోయినవారి మంచం, పక్కబట్టలు ఎవరికి పోవాలో ముందే రాసిపెట్టినట్టు ఉండేది. తీసుకునేవారికి వద్దనే హక్కు లేదు. ఇచ్చేవారికి ఉన్న తేలిక, తీసుకునేవారి తలవంపు మీద నిలబడింది. ఈ చేదు ఇంకా పోలేదు. వరద బాధితులకని చినిగిన బట్టలను, గుండీలు లేని చొక్కాలను మూటగట్టి పంపేవారిలో ఇప్పటికీ కనిపించేది ఆ పాత చూపే. వాడిన వస్తువు ఇవ్వడంలో చిన్నతనం లేదు, అడగకుండా ఇవ్వడంలో ఉంది. ఇంట్లో పనిచేసే ఆమెకు పాత మిక్సీ ఇచ్చే ముందు అది తిరుగుతుందో లేదో చూడడం, ఆమెకు అవసరమా అని అడగడం, వద్దంటే మారుమాట లేకుండా ఊరుకోవడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ, దానానికీ చెత్త వదిలించుకోవడానికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది.

వస్తువును వదలలేకపోవడానికి మనసు వైపు నుంచి కూడా కారణాలున్నాయి. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో చేసి 1990లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి, అమ్మాలంటే ఎంత అడుగుతారని, కప్పు లేనివారిని ఎంత పెట్టి కొంటారని అడిగారు. కప్పు చేతిలోకి వచ్చి కొన్ని నిమిషాలే అయినా, ఉన్నవారు అడిగిన ధర కొనేవారు చెప్పిన ధరకు దాదాపు రెట్టింపు ఉంది. నాది అనుకోగానే విలువ పెరుగుతుంది. ఇరవై ఏండ్లు సజ్జ మీద ఉన్న డిన్నర్ సెట్టుకు ఆ విలువ ఎంత పెరిగి ఉంటుందో ఊహించవచ్చు. పాత సామాన్ల బండివారు కిలోకు చెప్పే ధర వినగానే కోపం రావడానికి కారణం వారి బేరం ఒక్కటే కాదు.

అయితే వదలకపోవడాన్ని మొత్తంగా మనసు చేసే మాయగా తీసిపారేయడం అన్యాయం. కరువు చూసిన తరానికి నూనె డబ్బా, సిమెంటు సంచి, పాత సైకిలు ట్యూబు, వంకర మేకులు అన్నీ పనికొచ్చేవే. ట్యూబు ముక్కతో మోటరు పైపు లీకేజీ కట్టేస్తారు, సిమెంటు సంచిలో మక్కలు నింపుతారు, డబ్బాను నడుమకు కోసి తులసి మొక్క పెడతారు. రేపు పనికొస్తది అనే మాట వారి నోట అలవాటుగా కాదు, అనుభవంగా వస్తుంది. కొనుక్కునే శక్తి ఉన్నవారు అవసరమైతే మళ్లీ కొనుక్కోవచ్చులే అని ధీమాగా పారేస్తారు. ఆ ధీమా లేనివారు దాచుకుంటారు. తక్కువ వస్తువులతో బతకడం గొప్పని చెప్పే మాట, ఎక్కువ డబ్బు ఉన్న చోటనే తేలిగ్గా పుడుతుందన్నది గుర్తుంచుకోవాలి. తేడా తెలియాల్సింది ఒక్కటే: పెరట్లో ఉన్న పాత ట్యూబు ఏడాదిలో ఒకసారైనా చేతిలోకి వస్తుంది, షోకేసులో అద్దం వెనుక ఉన్న సెంటు సీసా, ప్లాస్టిక్ కవరు తీయని బొమ్మ రావు.

ఊరి ఇంటికీ నగరపు ఫ్లాటుకూ తేడా కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. వాకిలి, పెరడు, పశువుల కొట్టం ఉన్న ఇంట్లో దాచడానికి ఖర్చు లేదు. హనుమకొండలో చదరపు అడుగు 5,000 రూపాయలనుకుంటే, పదడుగులకు ఎనిమిదడుగుల గది ఒకటి పాత సామానుతో నిండిపోవడం అంటే 4 లక్షల రూపాయల చోటును వాటికి ఇచ్చినట్టు. ఆ గదిలోని వస్తువులన్నీ కలిపి అమ్మితే అందులో పదో వంతు రాకపోవచ్చు. ఊరి అలవాటును ఫ్లాటులోకి తెచ్చుకున్న కుటుంబాలు ఈ లెక్క వేసుకోవు, ఎందుకంటే చోటుకు కిస్తు వేరే ఖాతాలో కడతారు.

ఎలక్ట్రానిక్ వస్తువుల విషయంలో ఆగిపోవడం అన్నది ఇంటికి పరిమితమైన సమస్య కాదు. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగైతే, పద్ధతి ప్రకారం సేకరించి తిరిగి వాడుకలోకి తెచ్చినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు, తయారుచేసినవారే పాత వస్తువుల సేకరణకు, శుద్ధికి బాధ్యత వహించాలని చెబుతున్నాయి. కాగితం మీద దారి ఉంది. సొరుగులో పడి ఉన్న మూడు పాత ఫోన్లు ఆ దారిలోకి పోవాలంటే మాత్రం ఎవరో ఒకరు వాటిని తీసుకుపోయి అప్పగించాలి. పాత వైర్లను పారేస్తే రాగి కోసం వాటిని ఎక్కడో కాలుస్తారు, ఆ పొగ విషం. కాబట్టి ఇనుము, అట్టలు వేసినట్టు పాత ఛార్జర్లను కూడా కిలోల లెక్కన వేయడం మంచిది కాదు. రిపేరు విషయంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చి, కంపెనీలు విడిభాగాల, మరమ్మతుల వివరాలను ఒకచోట ఉంచేలా చేసింది. కొనే ముందు దీన్ని చూడడం కన్నా, చౌరస్తాలో మొబైల్ రిపేరు చేసే కుర్రవాడిని ఏ ఫోను విప్పడం సులువని అడగడం త్వరగా పని తేల్చుతుంది. ఏ మోడల్ స్క్రీను దొరుకుతుందో, ఏ బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుందో అతనికి తెలిసినంతగా అమ్మే దుకాణంలో ఎవరికీ తెలియదు.

నిజానికి సొంతం చేసుకోకుండా వాడుకోవడం ఇక్కడివారికి కొత్త కాదు. వరి కోతకు హార్వెస్టర్‌ను గంట లెక్కన కిరాయికి పిలిచే రైతు, అది తన ఇంటి ముందు లేదని ఎప్పుడూ చిన్నబుచ్చుకోడు. ఇంట్లో పుట్టువెంట్రుకలు తీసినా, పెద్దల మాసికం పెట్టినా టెంటు హౌస్ నుంచి గుండిగలు, గరిటెలు, కుర్చీలు వస్తాయి, సాయంత్రానికి లెక్కపెట్టుకుని పోతాయి. అంతకుముందు తరంలో ఈ పని ఇరుగుపొరుగు చేసేవారు; వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకటి వాడకట్టు మొత్తానికీ తిరిగేది, ఒకవైపు మాసితే తిప్పి వేసుకునేవారు. ఇదే బుద్ధి ఇంట్లోకి వచ్చేసరికి ఎందుకో పనిచేయదు. ఏడాదికి రెండుసార్లు వాడే డ్రిల్లింగ్ మిషను, ఒక్క సంక్రాంతికి తీసే పెద్ద మూకుడు, ఒకే పెండ్లికి కట్టిన చీర ఒక్కో ఇంట్లో ఒక్కోటి ఉండాల్సిందే. పన్నెండు వేల చీరను మూడుసార్లు కడితే ఒక్కో కట్టుకు నాలుగు వేలు పడినట్టు. అద్దెకు ఇచ్చే దుకాణాలు వచ్చినా, ఫంక్షన్‌లో ఎవరైనా గుర్తుపడతారేమోనన్న జంకు ఇంకా పోలేదు. అపార్ట్‌మెంటులో పదిమంది కలిసి ఒక నిచ్చెన, ఒక డ్రిల్లు కొని వాచ్‌మన్ గదిలో ఉంచుకోవడానికి అడ్డమేమిటో చెప్పడం కష్టం. బహుశా పోతే ఎవరు కట్టాలన్న ఒక్క ప్రశ్నే.

సర్దడానికి సమయం కూడా ఇక్కడి క్యాలెండరులోనే ఉంది. పెత్రమాసకు ముందు ఇల్లు దులిపి, కడిగి, బతుకమ్మకు సిద్ధం చేసే వారం రోజుల్లో సజ్జ మీది సామాను ఎలాగూ కిందికి దిగుతుంది. జరుగుతున్నది ఏమిటంటే, దించినది తుడిచి అదే చోట మళ్లీ పెట్టడం. దించినప్పుడు దాన్ని చూడడానికి ఇంకో అరగంట పెడితే, పోయిన దసరా నుంచి ఇప్పటిదాకా కదలనిది ఏదో తేలిపోతుంది. తొమ్మిది రోజులు తంగేడు, గునుగు, కట్ల పూలు ఏరి తెచ్చి ఎంతో ఓపికగా పేర్చిన బతుకమ్మను సద్దుల నాడు చెరువులో వదిలి, ఖాళీ తాంబాలంతో ఇంటికి వచ్చే ఆడవాళ్లకు ఏది నీళ్లలోకి పోవాలో, ఏది ఇంటికి తిరిగి రావాలో వేరుచేయడం కొత్తగా నేర్పనక్కర్లేదు. వరంగల్‌లో 2012 అక్టోబరులో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ పేరుతో తడి, పొడి చెత్తను ఇంటింటా వేరుచేయించినప్పుడు, ఆ అలవాటు ముందుగా పట్టుకున్నదీ వంటింటి నుంచే.

ఈ మొత్తం విషయంలో ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడనిది తల్లిదండ్రుల తర్వాత వారి ఇల్లు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, అమ్మానాన్నలు హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఉండే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. పెద్దలు పోయాక పిల్లలు పదిహేను రోజుల సెలవు మీద వస్తారు. అందులో పదకొండు రోజులు కర్మలకే పోతాయి. మిగిలిన నాలుగు రోజుల్లో నలభై ఏండ్ల సామానును తేల్చాలి. ఏది విలువైనదో, ఏది ఎవరు ఇచ్చిందో, ఏ గిన్నె నానమ్మ పుట్టింటి నుంచి వచ్చిందో చెప్పేవారు లేరు. ఆ తొందరలో మంచిదీ చెడ్డదీ ఒకే ఆటోలో పాత సామాన్ల దుకాణానికి పోతాయి, లేదా ఇంటికి తాళం పడి లోపలే చెదలు పడతాయి.

దీనికి మందు పెద్దలు ఉండగానే మాట్లాడుకోవడం, అదీ చావు గురించి కాకుండా వస్తువుల గురించి మాట్లాడుకోవడం. ఈ బిందె ఎక్కడిది అని అడిగితే తల్లులు మొహమాటం లేకుండా గంటసేపు చెబుతారు. ఆ చెప్పింది ఒక కాగితం మీద రాసి, గిన్నె లోపలే పెట్టినవారు కొందరున్నారు. కాగితం పోకుండా ఫొటో తీసి ఉంచినవారూ ఉన్నారు. విన్న తర్వాత పిల్లలు నిజంగా తీసుకుపోవాలనుకునేది చాలా తక్కువ ఉంటుంది, సాధారణంగా సూట్‌కేసులో పట్టేది: ఒక చెంబు, ఒక నూలు చీర, ఒక కత్తిపీట. గంగాళం ఫ్లాటు వంటింట్లో పట్టదు, విమానం అసలే ఎక్కదు. అలాంటివాటికి ఊరి గుడో, కమ్యూనిటీ హాలో, వాడకట్టు సంఘమో మంచి చోటు. అన్నదానం ఉన్న రోజు అవి పొయ్యి ఎక్కుతాయి. అక్కడ కూడా ఒక్క జాగ్రత్త కావాలి. గుడికి ఇచ్చే గుండిగ మీద ఫలానావారి జ్ఞాపకార్థం అని పేరు కొట్టిస్తే, అడుగు పోయి చిల్లులు పడ్డాక కూడా దాన్ని అమ్మి కొత్తది కొనడానికి గుడి కమిటీకి చేతులు రావు. పేరు లేని గుండిగనైతే మార్పిడికి వేసి, ఇంకో గుండిగ తెచ్చుకుంటారు.